పట్టాళం ఆస్పత్రి కిటికీ

మా ఊళ్ళో ప్రతి ఇంటి మీదా పట్టాళం ఆస్పత్రి పెంకులున్నాయి, మా ఇంటి మీద తప్ప. ఆ ఆస్పత్రి తలుపులు ఒకరి గొడ్లచావిడికి వచ్చాయి, కిటికీ కమ్ములు ఇంకొకరి పెరటి దడికి వచ్చాయి, ఆఖరికి దొరల కక్కసులో పరిచిన బండ కూడా ఒకరింట్లో బట్టలుతికే రాయి అయింది. మేము మాత్రం ఒక్క ఇటుకముక్క తెచ్చుకోలేదు. మా తాత తేనివ్వలేదు. వానలకు వంటింటి కప్పు కారి పొయ్యి ఆరిపోతుంటే, ఎదురింటివాళ్ళు ఊరికే ఎత్తుకొచ్చిన పెంకుల కింద కాళ్ళు చాపుకుని కూర్చునేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. చిన్నప్పటినుంచీ నాకు కోపం ఎక్కువే. ఈ వయసులో కాగితం ముందేసుకుని కూర్చున్నా అది తగ్గలేదు.

"ఊరంతా తెచ్చుకొంటా ఉండారు, మనకేం వచ్చింది రోగం?" అని ఒకసారి అడిగాను.

"ఆ కట్టడం గాలి గూడా మన ఇంటికి తగలగూడదు. ఇంకొకసారి అడిగితే పళ్ళు రాలగొడతా" అన్నాడు తాత. నన్ను ఏనాడూ కసరని మనిషి అలా అనేసరికి బిత్తరపోయాను.

మాది కోవిల్‌పట్టికి తూర్పున, బండి మీద గంటసేపు పోయే ఊరు. నల్లరేగడి నేల. పత్తి, జొన్న, సజ్జ తప్ప ఇంకోటి పండదు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా తెలుగు వింటే ఆంధ్రావాళ్ళు నవ్వుతారు, నవ్వుకోనీ. నాకు తెలుగు అక్షరాలు నేర్పింది మా ఆయన, అదీ పెళ్ళయ్యాక. అందాకా మాకు తెలుగు మాట్లాడుకోవడానికే గానీ రాసుకోవడానికి కాదు.

పెద్ద యుద్ధం జరుగుతున్నప్పుడు ఊరికీ రైలు కట్టకీ నడుమ బీడులో సర్కారువాళ్ళు మూడు పొడుగాటి పెంకుటిళ్ళు కట్టారు. ఓడల్లోంచి దించిన గాయాల సిపాయిలను రైల్లో తెచ్చి అక్కడ పడుకోబెట్టేవారు. సైన్యాన్ని మావాళ్ళు పట్టాళం అంటారు, అందుకే అది పట్టాళం ఆస్పత్రి. యుద్ధం అయ్యాక కూడా కొంతకాలం నడిచి, పందొమ్మిది వందల ఇరవైల మొదట్లో మూతపడింది. మంచాలన్నీ బండ్లకెత్తుకుని పోయారు, తాళం కూడా వేయలేదు. తుమ్మచెట్లు గోడల దాకా వచ్చేశాయి.

ఇక మా చిన్నమ్మ. మా నాయన తమ్ముడి భార్య. మా అమ్మ నేను పాలు మానకముందే పోయింది. నన్ను సాకింది, తల దువ్వింది, నా కోపానికి నెత్తిన మొట్టికాయలు వేసింది అంతా చిన్నమ్మే. నాకు బుద్ధి తెలిసేటప్పటికే ఆమె తెల్లచీరలో ఉంది. మొగుడితో కాపురం చేసింది ఒకే ఒక్క ఏడాది.

చిన్నాయన పట్టాళంలో చేరడానికి కారణం ఒక ఇనుప ముద్ర. మా పక్క ప్రతి ఇంటికీ పశువుల మీద వేసే ముద్ర ఒకటి ఉంటుంది. కోడెదూడ ఎదిగాక దాని కుడి తొడ మీద కాల్చి వేస్తారు, తిరునాళ్ళలో తప్పిపోయినా ఎవరిదో తెలియాలి కదా. మాది ఒక సున్నా, దాని కింద అడ్డగీత, గీతకు రెండు కొసల్లో రెండు చుక్కలు. ఆ పని మా ఇంట్లో చిన్నాయనది. ఒకసారి కాలిన ఇనుము చేయిజారి బండ మీద పడి, ఎడమ చుక్క కిందికి వంగిపోయింది. తాత నలుగురిలోనూ చెర్నాకోలతో కొట్టాడు. చిన్నాయన తుండు దులిపి భుజాన వేసుకుని కోవిల్‌పట్టికి నడిచిపోయి, సిపాయిల్ని చేర్చుకునేవాళ్ళ దగ్గర వేలిముద్ర వేశాడు. మా పశువుల మీద ఆ తర్వాత కూడా ఎడమ చుక్క వంకరగానే పడింది. తాత ఆ ఇనుమును బాగుచేయించలేదు.

రెండేళ్ళ తర్వాత సర్కారు కాగితం వచ్చింది. సముద్రాల అవతల బసరా దగ్గర యుద్ధంలో చనిపోయాడని ఊరి కరణం చదివి చెప్పాడట. శవం రాలేదు. శవం లేని చావుకు మావాళ్ళు చేసే తంతు ఒకటుంది. మనిషి నిలువున జొన్న చొప్పతో బొమ్మ కట్టి, పోయినవాడి పంచె చుట్టి, పాడె మీద మోసుకుపోయి కాలుస్తారు. తాతే కొరివి పెట్టాడు. చిన్నమ్మ గాజులు పగలగొట్టి తాళి తీశారు. బొమ్మ కాలిందంటే మనిషి కాలినట్టే. ఆ తర్వాత వాడు నిజంగా తిరిగొచ్చినా గడప తొక్కనివ్వకూడదు, తొక్కితే ఆ ఇంట్లో ఇంకొకరు పోతారు. ఇది మా పెద్దలు పెట్టిన కట్టుబాటు. ఎవరు పెట్టారో వాళ్ళ నోట్లో మన్ను పడ!

ఇవన్నీ నాకు తెలిసిన కథలే. ఊళ్ళో అందరికీ తెలిసినవే.

నన్ను విరుదునగరంలో ఇచ్చారు. మా ఆయన అక్కడ పత్తి జిన్నింగు మిల్లులో గుమాస్తా. ముప్పైల్లో, నా పెళ్ళయిన రెండో ఏడు, పత్తి ఏరేటప్పుడు సాయానికని పుట్టింటికి వచ్చాను. ఆస్పత్రి పక్కనే మా చేను. మధ్యాహ్నం ఎండ, మా మాటలో వెయిలు, నెత్తిన మండుతుంటే, కట్టేసిన కోడెదూడ పలుపు తెంపుకుని తుమ్మచెట్లలోంచి ఆస్పత్రిలోకి దూరింది. చిన్నమ్మ అంతకుముందే సద్ది తేవడానికి ఇంటికి పోయింది. తాత మాట గుర్తొచ్చింది గానీ, దూడ పోతే తిట్టేదీ తాతే కదా అని లోపలికి పోయాను.

కప్పు లేదు. పెంకులన్నీ మా ఊరి ఇళ్ళ మీదున్నాయి కదా! గోడలు, వాటి మీద ఎండ. దూడ చివరి గదిలో కిటికీ కింద నీడన నిలబడి ఉంది. తోక పట్టుకుందామని వంగాను. దాని తొడ మీద మొన్న వేసిన ముద్ర ఇంకా పచ్చిగా ఉంది. తల ఎత్తాను. కిటికీ పక్కన గోడ మీద, నా రొమ్ము ఎత్తున, అదే ముద్ర.

సున్నా, కింద అడ్డగీత, రెండు చుక్కలు. సున్నం గీకి గీకి ఇటుక కనిపించేదాకా తవ్వారు. ఒకటి కాదు. కిటికీ చుట్టూ ఇరవయ్యో ముప్పయ్యో ఉన్నాయి, లెక్కపెట్టే తెలివి నాకెక్కడిది అప్పుడు? అన్నిటిలోనూ ఎడమ చుక్క కిందికి వంగి ఉంది.

మా ముద్రను ఎవరైనా గీయవచ్చు. కానీ మా ఇంట్లో ఒక మనిషి చేయి జారి ఇనుము వంగిందని తెలిసినవాడు తప్ప, ఆ వంకరతో సహా ఎవడు గీస్తాడు? ఆ గీతల మీద వేలు పెట్టి చూశాను. దూడ నా కొంగు నములుతూ నిలబడింది.

చిన్నమ్మ సద్ది తెచ్చింది. "వెయిలు దెబ్బా పిల్లా?" అని నా మొహాన నీళ్ళు చల్లింది. ఆమె మొహం చూడలేక వారం ముందే విరుదునగరానికి బయల్దేరాను. తెలియకుండా ఏం చెప్పను? నీ మొగుడు బతికున్నాడేమో అనా, ఎవరో ఊరికే గీశారేమో అనా?

మా ఆయన శాంతం మనిషి. అంతా విని, "మా మిల్లు గేటు దగ్గర కావలి ముసలాయన అప్పట్లో ఆ ఆస్పత్రిలోనే పనిచేశాడంట, అడుగుదాం" అన్నాడు. మరునాడు పొద్దున్నే ఇద్దరం పోయాం. ఆయన అరవం మనిషి. వార్డులో మంచాలు సర్దడం, కట్లు ఉతకడం ఆయన పని. కాగితం మీద ముద్ర గీసి చూపించాను. చూడగానే ఆయన చేతిలో చుట్ట కిందపడింది.

"దీన్ని నువ్వు ఏడ చూసినావు, తాయీ?"

"గోడ మీద. ఎవరు గీసినారు?"

"మొగం లేని సిపాయి" అన్నాడు.

ఆయన అరవంలో చెప్పినది మా తెలుగులో చెప్పినట్టు రాస్తాను. ఆ సిపాయికి దవడ ఎగిరిపోయింది. మాట లేదు. మొహానికి కట్టు, కండ్లు మాత్రం బయట. నడుము కింద చచ్చుబడింది. మెళ్ళో వేసిన పేరుబిళ్ళ వేరేవాడిది, దారిలో ఎక్కడో మారిపోయింది. కాగితాల్లో ఉన్న పేరు పెట్టి పిలిస్తే కాదు కాదని తల ఊపేవాడు. రాయడం రాదు. మతి పోయిందని అందరూ అనుకున్నారు. మొదట్లో పడుకున్న చోటే పడుకుని ఉండేవాడు.

"ఒకరోజు పొద్దున మంచం కిటికీ పక్కకు మార్చినాము. ఆ రోజు మొదలు చూడాల వాని సంబరం! గేటు కాడికి మజ్జిగ తెచ్చే తెల్లచీర అమ్మ ఒకతె ఉండె. ఆ అమ్మ రావడమే తడవు, తుండు తీసి ఊపేవాడు. తినే కంచం తీసి కమ్మికేసి డణడణ కొట్టేవాడు. మేము నవ్వేవాళ్ళం, తాయీ. ఆడగాలి సోకినాది వీనికి అని. ఆ మజ్జిగ తప్ప ఇంకేమీ తాగడు. మిగిలిన పొద్దంతా స్పూను కాడతో గోడ మీద ఈ బొమ్మ గీకడమే పని."

మజ్జిగ తెచ్చే తెల్లచీర అమ్మ. మా ఊరినుంచి ఆస్పత్రికి మజ్జిగ మోసింది ఒక్కతే, మా చిన్నమ్మ. పుణ్యమని తాతే పంపించేవాడు. పొద్దున్నే కుండ నెత్తిన పెట్టుకుని ఆమె పోతుంటే నేను కొంగు పట్టుకుని నేనూ వస్తానని ఏడ్చేదాన్ని. ఒకరోజునుంచి ఉన్నట్టుండి పోవడం మానేసింది. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు.

"ఆ అమ్మ చూడలేదా? ఒక్కసారి గూడా?" అని అరిచాను. మిల్లులోకి పోయేవాళ్ళు ఆగి చూశారు.

"తల వంచుకొని వచ్చేది, తల వంచుకొని పొయ్యేది. ముండమోసిన మనిషి, పరాయి మొగోళ్ళను ఎట్ల చూస్తాది? వాడు కంచం కొట్టేకొద్దీ ముసుగు ఇంకా కిందికి లాక్కొనేది. నెలన్నర ఇట్లనే జరిగె. ఒకరోజు ఒక పెద్దాయన చెర్నాకోల పట్టుకొని వచ్చినాడు. నా కోడల్ని చూసి తుండు ఊపేది ఎవడు, కోడలు వచ్చి ఏడ్చినాది, చర్మం వొలుస్తానని గోల. నేనే మంచం కాడికి తోడుకొని పోయినా. గోడ చూసినాడు. ఆ కండ్లు చూసినాడు. చెర్నాకోల ఆడనే జారిపాయె. మధ్యాహ్నం దాకా మంచం పట్టె మీద కూర్చొని వాని పాదాలు పిసికినాడు. పొయ్యేటప్పుడు నేను అడిగినా, మీవాడా అని. కాదు అన్నాడు."

ఆ తర్వాత మజ్జిగ ఎవరో పాలేరు తెచ్చాడట. సిపాయి ముట్టలేదు. కంచం కొట్టడం మానేశాడు, గోడ గీకడం మానేశాడు. ఇరవై రోజులు కూడా బతకలేదు. ఆస్పత్రి వెనక పూడ్చారు. ఇప్పుడక్కడ ఎవరిదో పత్తి చేను.

నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు. మిల్లు గేటు పట్టుకుని నిలబడ్డాను. కోడలు వచ్చి ఏడ్చింది అన్నమాట ఒక్కటే చెవిలో తిరుగుతోంది. అంటే చిన్నమ్మే ఫిర్యాదు చేసింది. తన మొగుడి మీదే, మామకు.

రైలెక్కి కోవిల్‌పట్టిలో దిగి, బండి కోసం కూడా చూడకుండా నడిచాను. తాత అరుగు మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు. ఇంట్లో ఇంకెవరూ లేరు, చేలో ఉన్నారు.

"చిన్నాయనను చూసినావు గదా నువ్వు. పట్టాళం ఆస్పత్రిలో" అన్నాను.

పలుపు పేనే చేయి ఆగింది. బుకాయిస్తాడనుకున్నాను. బుకాయించలేదు.

"మొగం లేదు పాపా వానికి" అన్నాడు. "కండ్లు మాత్రం ఉండె. నేను కొట్టిన దినం నన్ను చూసిన కండ్లే."

"ఇంటికి తెచ్చేదానికి నీకేం వచ్చె? ఈ రెండు మైళ్ళు బండి కట్టలేకపోతివా? అంత చేదైనాడా కొడుకు?"

"కొరివి పెట్టినాను పాపా. నా చేత్తో పెట్టినాను. వాడు గడప తొక్కితే ఇంకొకరు పొయ్యేరు."

"ఎవరు పొయ్యేది? ఎవరు?"

"నువ్వు" అన్నాడు. "అప్పుడు నీకు అమ్మోరు పోసింది. వేపాకు మీద పడుకోబెట్టి ఉండాము. కండ్లు గూడా తెరవవు. మీ చిన్నమ్మ మజ్జిగ మోసేది మాని రాత్రీ పగలూ నీ పక్కన కూర్చోనుంది. నీ మీద పందెం కట్టేదానికి నాకు చేతకాలేదు. వానికి చెప్పినా. పాప కోసం, చచ్చినట్లే ఉండిపోరా అని. సరి అని తల ఊపినాడు."

నా బుగ్గల మీద ఆ అమ్మోరు మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి. అద్దంలో చూసుకుని ఎన్నిసార్లు విసుక్కున్నానో. తాతను నరికేయాలన్నంత కోపంతో వచ్చినదాన్ని, చెంప మీద చేయి పెట్టుకుని నిలబడిపోయాను. ఆ ముసలివాడు నా ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు, నేను ఓదార్చలేదు. ఆ సంగతి ఇప్పటికీ నన్ను పీడిస్తుంది, అయినా ఓదార్చలేదనే రాస్తున్నాను.

ఇక చిన్నమ్మకు చెప్పాలా, వద్దా?

చెప్పకపోతే తాతకూ నాకూ తేడా ఏముంది? చెబితే ఆమె ఎట్లా బతుకుతుంది? చేను గట్టు దాకా పోతూ ఒక తీర్మానానికి వచ్చాను. ఆయన అక్కడ ఉన్నాడని చెబుతాను, అక్కడ పోయాడని చెబుతాను. తుండు సంగతి, కంచం సంగతి, ఫిర్యాదు సంగతి ఎత్తను. అవి నాతోనే పోవాలి.

చిన్నమ్మ ఒళ్ళో పత్తి నింపుకుని వంగి ఏరుతోంది. పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాను. బసరా కాగితం తప్పని, చిన్నాయన ఈ ఆస్పత్రిలోనే ఉన్నాడని, మాట పోయిందని, మొహానికి గాయమని. గోడ మీద ముద్ర ఉందని. ఆమె ఒళ్ళో పత్తిలోంచి ఎండుటాకు పొట్టు ఏరుతూ విన్నది. తర్వాత అడిగింది.

"ఏ కిటికీ?"

"గేటు పక్క. చివరి గది."

పొట్టు ఏరే వేళ్ళు ఆగాయి.

"తుండు ఊపెనా?"

నేను తుండు మాట ఎత్తలేదు. ఒట్టు, ఎత్తలేదు. తల కిందికి వేసుకున్నాను. ఆమెకు అదే జవాబు.

"కంచం గూడా కొట్టె" అన్నది చిన్నమ్మ. "తుండు ఊపుతా ఉండాడని గేటు కాడ నవ్వుకొంటా ఉంటే వింటి. నేనే గదా మామకు చెప్పినది. ఎవడో పోకిరి, నన్ను చూసి ఆగం చేస్తా ఉండాడు, నేనింక పోనని. ఏడ్చి మరీ చెప్తి." ఆమె గొంతులో ఏడుపు లేదు, దానికే నాకు భయమేసింది. "తుండు దులిపి భుజాన వేసుకొని పోయినాడు పిల్లా, పొయ్యే దినం. వెనక నిలబడి చూసినా. తుండు చూసి అయినా తెలియాలి గదా. నేను తల ఎత్తితే గదా."

"చిన్నమ్మా, నీ తప్పు ఏముంది? నువ్వు..."

"ఊరకుండు."

లేచింది. ఒళ్ళో పత్తి గంపలో పోసింది, ఒక్క పింజ కూడా కింద పడనివ్వకుండా. తుమ్మచెట్లలోంచి ఆస్పత్రి వైపు నడిచింది. వెనకే పరిగెత్తాను. గేటు లేదు, రెండు రాతి స్తంభాలున్నాయి. ఆమె కుడి స్తంభం పక్కన, కుండ దించే చోట ఆగింది. అన్నేళ్ళయినా కాళ్ళకు ఆ చోటు గుర్తుంది.

"నువ్వు లోపలికి పో. ఆ కిటికీ కాడ కూర్చో. తుండు ఊపు."

"వద్దు చిన్నమ్మా."

"పొమ్మంటా ఉండానే!" అని గద్దించింది. ఆమె నన్ను అలా గద్దించడం అదే మొదలు, అదే ఆఖరు.

పోయాను. గోడనిండా ఆ ముద్రల మధ్య, మంచం ఎత్తున ఒక ఇటుకల కుప్ప మీద కూర్చున్నాను. దారిలో ఎండకు తలకు చుట్టుకున్న తుండు విప్పాను. చేయి లేవనంటుంది. లేపాను. ఊపాను.

బయట చిన్నమ్మ తల వంచుకుని నిలబడి ఉంది, అప్పట్లో నిలబడినట్టే కాబోలు. తర్వాత రెండు చేతులతో ముసుగు వెనక్కి తోసేసింది. మెల్లగా తల ఎత్తింది. మా ఇద్దరి మధ్యా ఒక రెండెద్దుల బండి నిలబెడితే నిండిపోయేంత జాగా ఉంది. ఆమె కండ్ల కింది ముడతలు కూడా నాకు కనబడుతున్నాయి. ఆమె నన్ను చూసింది, కిటికీని చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"ఇంత దగ్గిరనా, పిల్లా?" అన్నది.